బాబాయి బేస్ యాంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్లు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. చర్చి క్వయర్‌లో బేస్ గిటార్ వాయిస్తాను. మా బాబాయి 1980లలో ఆర్కెస్ట్రాలో వాయించే రోజుల్లో మద్రాసులో కొన్న పాత అమెరికా యాంప్లిఫయర్ ఇప్పుడు నా దగ్గర ఉంది. వాల్వులు లేవు, అంతా ట్రాన్సిస్టర్లే. 100 వాట్లు, 4 ఓంలు, 15 అంగుళాల స్పీకర్. వెనుక 120 ఓల్టులని రాసి ఉంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాం. రెండేళ్లుగా వాల్యూమ్ సున్నాలో ఉన్నా గుయ్యిమని మోత వస్తోంది. నాబ్‌లు తిప్పితే గరగరమంటుంది. మొన్న ఈస్టర్ నాడు తెల్లవారుజాము ఆరాధన మైదానంలో జరిగింది. జనం ఎక్కువని మైకు సెట్టువాళ్ల స్పీకర్ పెట్టె ఒకటి అదనంగా తగిలించాం. మూడో పాటలో పెద్ద మోత వచ్చి, స్పీకర్ కోను ముందుకు పొడుచుకొచ్చి అలాగే ఉండిపోయింది. స్విచ్చి కట్టేలోపు ఫ్యూజు పోయింది. మెకానిక్ పవర్ ట్రాన్సిస్టర్లు రెండూ తీసి 2ఎన్3055లు వేశారు. ఇంట్లో మెల్లగా బాగానే పలికింది, ఆదివారం గట్టిగా వాయిస్తే పది నిమిషాల్లో కాలిపోయాయి. మళ్లీ అవే వేసి, ఈసారి ఫ్యూజు మీద రాగి తీగ చుట్టారు. మళ్లీ పోయాయి. ఇప్పుడు లోపలిదంతా తీసి రెడీమేడ్ బోర్డు వేద్దామంటున్నారు. కండెన్సర్లన్నీ మార్చేయమని స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయమంటారు? సోల్డరింగ్ వచ్చు, మీటరు ఉంది.

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీరు చెప్పీచెప్పనట్టు దాటేసిన ముక్క రెండోసారి దొరికింది. అదే ఆ అదనపు పెట్టె.

మీ యాంప్లిఫయర్‌లో ఉన్న స్పీకర్ 4 ఓంలు. ఆ యంత్రం మోయగలిగిన బరువు అంతే. దానికి పక్కన ఇంకో 4 ఓంల పెట్టె తగిలిస్తే రెండూ కలిసి 2 ఓంలు అవుతాయి. 8 ఓంల పెట్టె అయితే రెండుంబావు దాటి రెండున్నర పైచిలుకు. ఓంలు తగ్గితే బరువు తగ్గిందనుకుంటారు చాలామంది. వ్యవహారం తలకిందులు. 4 ఓంల స్పీకర్‌లోకి 100 వాట్లు పంపాలంటే 20 ఓల్టులు, 5 ఆంపియర్లు కావాలి. తీగను గట్టిగా మీటిన క్షణంలో అది 28 ఓల్టులు, 7 ఆంపియర్ల దాకా లేస్తుంది. అదే 2 ఓంలయితే 14 ఆంపియర్లు. నలభై ఏళ్ల ట్రాన్సిస్టర్లు, వాటికీ వేడి లాగే లోహపు దిమ్మ (హీట్ సింక్)కూ మధ్య ఎండి సున్నంలా మారిన పేస్టు, పైగా మూడు పాటలు. మొదటి చావుకు అంతకంటే పెద్ద కారణం వెతకనక్కరలేదు. వాల్వు యాంప్లిఫయర్లకు స్పీకర్ ఊడిపోతే ప్రమాదం. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు స్పీకర్ లేకపోయినా ఫరవాలేదు, ఎక్కువైతేనే ప్రాణం మీదికి వస్తుంది. వెనుక రెండో సాకెట్ ఉన్నంత మాత్రాన రెండో పెట్టెకు అనుమతి ఇచ్చినట్టు కాదు. దాని పక్కన అచ్చువేసిన ఓంల అంకె చూడాలి.

ఇక కోను సంగతి. స్పీకర్‌కు వెళ్లవలసింది అటూ ఇటూ ఊగే కరెంటు. కోను ఒకవైపుకు పోయి నిలిచిపోయిందంటే, లోపలి డీసీ (ఒకే దిక్కుకు పారే కరెంటు) సరఫరా తిన్నగా స్పీకర్ మీద పడిందని అర్థం. ముందుకు వచ్చిందంటున్నారు కాబట్టి చాలామటుకు ప్లస్ వైపు ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉంటుంది. దీన్నిబట్టి ఇంకొక సంగతి కూడా తెలుస్తోంది. మీ యంత్రానికి ప్లస్, మైనస్ రెండు సరఫరాలు ఉన్నాయి. ఇంకా పాత కాలపు వాటిలో ఒకే సరఫరా ఉండి, స్పీకర్‌కు ముందు పెద్ద కండెన్సర్ ఒకటి కాపలా ఉండేది. అది ఉంటే డీసీ స్పీకర్ దాకా రాదు, అదే షార్ట్ అయితే తప్ప.

రెండో చావు, మూడో చావు మాత్రం ఆ పెట్టె వల్ల కాదు. మీ మెకానిక్‌ను తప్పుపట్టను, మన దగ్గర పవర్ ట్రాన్సిస్టర్ అనగానే చేతికి మొదట తగిలేది 2ఎన్3055. గట్టి సరుకే, 15 ఆంపియర్లు, 115 వాట్లు. కానీ అది తట్టుకునేది 60 ఓల్టులు మాత్రమే. మీ యంత్రంలో 28 ఓల్టుల శిఖరం అందాలంటే సరఫరా అటూ ఇటూ కలిపి దాదాపు 75, 80 ఓల్టులు ఉంటుంది. చిన్న శబ్దంతో వాయిస్తున్నప్పుడు ఆ ఓల్టేజీని రెండు ట్రాన్సిస్టర్లు చెరిసగం పంచుకుంటాయి. చెరి 40, ఇబ్బంది లేదు. అందుకే ఇంట్లో బాగానే పలికింది. గట్టిగా వాయించగానే ఒకటి పూర్తిగా తెరుచుకుంటుంది, అవతలి దాని మీద 65 ఓల్టుల పైమాటే పడుతుంది. 60కి తయారైన ప్రాణి ఎన్ని పాటలకు తట్టుకుంటుంది? రెండోసారి కూడా అవే వేయడమంటే తాడు తెగిన కారణం చూడకుండా అదే కొట్లో అదే తాడు కొని మళ్లీ బావిలోకి బొక్కెన దింపడం.

అక్కడ ఉండవలసింది 140 ఓల్టులు తట్టుకునే రకం. 2ఎన్3773 అయితే 16 ఆంపియర్లు, 150 వాట్లు. ఎంజె15003 అయితే 20 ఆంపియర్లు, 250 వాట్లు. నేనైతే రెండోదే వేస్తాను. కరెంటు పారే దిక్కును బట్టి ట్రాన్సిస్టర్లలో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అని రెండు రకాలు. ఇవి రెండూ ఎన్‌పీఎన్ రకమే. మీ మెకానిక్ రెండు చోట్లా ఒకే రకం వేసినా యంత్రం పలికింది కాబట్టి, మీది రెండు వైపులా ఎన్‌పీఎన్‌లే వాడిన సర్క్యూటు. ఆ రోజుల్లో ఇంత శక్తిగల పీఎన్‌పీ సిలికాన్ ట్రాన్సిస్టర్లు దొరకడమూ కష్టం, ధరా ఎక్కువ. అందుకని అలా కట్టేవాళ్లు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ లోహపు డిప్ప ట్రాన్సిస్టర్లలో నకిలీలు ఎక్కువ. పైన పెద్ద నంబరు, లోపల బియ్యపు గింజంత సిలికాన్. అనుమానం వస్తే కాలిపోయిన వాటిలో ఒకదాని మూత ఆకురాయితో అంచు చుట్టూ అరగదీసి తెరిచి చూడండి. నిజమైన దానిలో మధ్యన చతురస్రపు ముక్క మన చిటికెన వేలి గోరులో సగం దాకా ఉంటుంది. మెంతిగింజంత ఉంటే ఆ కొట్టుకు మళ్లీ వెళ్లవద్దు. పాత సరుకు కొన్నిటిలో లోపల విషపదార్థంతో చేసిన తెల్లటి పింగాణీ బిళ్ల ఉంటుంది, దాన్ని గీకవద్దు, పొడిచేయవద్దు.

కొత్తవి కొనేముందు చేయవలసిన పని చాలా ఉంది. మొట్టమొదట ఆ రాగి తీగ పీకేయండి. ఫ్యూజు పోవడం రోగం కాదు, అది సాక్షి. సాక్షి నోరు కుట్టేస్తే నేరం ఆగదు, ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతుంది. వెనుక పలక మీద అచ్చువేసిన విలువగల ఫ్యూజే వేయండి. అక్కడ స్లో బ్లో (నెమ్మదిగా తెగే రకం) అని ఉంటే అదే అడిగి తెచ్చుకోండి.

తర్వాత మెయిన్స్ తీగ. ఇక్కడ అమెరికాకూ మనకూ ఉన్న తేడా వల్ల మనుషులు చచ్చిపోగలరు కాబట్టి నింపాదిగా చదవండి. మన పాత పద్ధతిలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అమెరికా తీగలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. మన ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఎప్పుడో దానికి త్రీపిన్ ప్లగ్గు తగిలించి ఉంటే నలుపును న్యూట్రల్‌కే బిగించి ఉంటారు. అప్పుడు యంత్రంలో ఉన్న స్విచ్చి, ఫ్యూజు న్యూట్రల్‌ను తెంపుతాయి. ఫేజు లోపల అలాగే ఉంటుంది. స్విచ్చి కట్టేశాను కదా అని చెయ్యి పెడితే అంతే.

వెనుక గ్రౌండ్ అని రాసిన చిన్న స్విచ్చి ఉంటే దాని కింద మెయిన్స్ తీగకూ ఇనుప ఛాసిస్‌కూ (లోపలి చట్రానికీ) మధ్య ఒక చిన్న కండెన్సర్ ఉంటుంది. మోత తగ్గించడానికి ఆ కాలంలో పెట్టేవారు. అది షార్ట్ అయిందంటే ఛాసిస్ మొత్తం కరెంటు పట్టుకుంటుంది. ఛాసిస్ అంటే కేబుల్ గుండా మీ గిటార్ తీగలు. మీ వేళ్లు తీగల మీద, పెదాలు మైకు మీద. ఆ కండెన్సర్‌ను కత్తిరించి పారేయండి. అది లేకపోతే పాటకు లోటేమీ లేదు. మన స్టెప్‌డౌన్ పెట్టెల్లో చాలావాటికి లోపల ఉండేది ఒకే చుట్ట, అది గోడ కరెంటు నుంచి మనల్ని విడదీయదు. 110 వైపు షాక్ కొట్టదనుకోవడం భ్రమ. పైగా వాటి బయటి సాకెట్‌కు ఎర్తు ఉండదు. గోడ త్రీపిన్‌లోని పెద్ద రంధ్రం నుంచి ఎర్తు తీగ ఛాసిస్ దాకా తెగకుండా రావాలి. మీటరు పెట్టి, ప్లగ్గు పెద్ద పిన్నుకూ ఛాసిస్‌కూ మధ్య దాదాపు సున్నా ఓంలు చూపిస్తేనే ముందుకు వెళ్లండి. స్టెప్‌డౌన్ 500 వీఏకు తగ్గకుండా ఉండాలి. 60 సైకిళ్ల (హెర్ట్జ్) అమెరికా కరెంటు కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 సైకిళ్ల మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. పలక మీద 50/60 అని ఉంటే ఆ బెంగ అక్కరలేదు.

మూత తీశాక మొదటి పని పెద్ద కండెన్సర్లను ఖాళీ చేయడం. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించడం మన బజారు పద్ధతి. కళ్లకూ కండెన్సర్‌కూ మంచిది కాదు. 100 ఓంల, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి ప్లాస్టిక్ పిడి కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని, ఒక్కొక్క కండెన్సర్ రెండు కొసలకూ పది సెకన్లు ఆనించండి. మీటరుతో చూసి సున్నా అన్నాకే వేలు పెట్టండి.

ఇక సిరీస్ బోర్డు. ఇది లేకుండా పాత యాంప్లిఫయర్‌కు కరెంటు ఇవ్వవద్దు. ఒక హోల్డరు, ఒక సాకెట్, 100 వాట్ల గుండు బల్బు. ఫేజు తీగ బల్బు గుండా వెళ్లి సాకెట్‌కు చేరాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, ఫిలమెంటు ఉన్నదే కావాలి. ఇప్పుడు కొట్లలో సులభంగా దొరకవంటారేమో. కోళ్లఫారాలకు సామాను అమ్మే దుకాణంలో అడగండి, కోడిపిల్లలకు వెచ్చదనం కోసం ఇప్పటికీ వాటిని వాడేవాళ్లున్నారు. బోర్డును గోడకూ స్టెప్‌డౌన్‌కూ మధ్య, 230 వైపే పెట్టండి. లోపల అంతా బాగుంటే స్విచ్చి వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి, కండెన్సర్లు నిండగానే మసకబారుతుంది. షార్ట్ ఉంటే నిండుగా వెలుగుతూనే ఉంటుంది. ఫ్యూజులు, ట్రాన్సిస్టర్లు బలి కావలసిన చోట ఒక బల్బు వెలుగుతుంది, అంత చవక వస్తువు ఇంతకంటే ఏం చేయాలి?

మొదటిసారి స్విచ్చి వేసేముందు స్పీకర్ తీసేయండి. పవర్ ట్రాన్సిస్టర్లు రెండూ విప్పేయండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్‌కు వెళ్లే తీగలు కూడా ఊడదీసి, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒంటరిగా పరీక్షించండి. ఏ బరువూ లేకుండానే బల్బు గట్టిగా వెలిగితే లోపల చుట్లు షార్ట్ అయ్యాయి. రాగి తీగ ఫ్యూజు పుణ్యమా అని నేను భయపడుతున్నది దీనికే. ముక్కు దగ్గర పెట్టి చూడండి, కాలిన వార్నిష్ వాసన ఒకసారి తెలిస్తే మరచిపోరు. బల్బు మసకగా ఉంటే బతికిపోయినట్టే. తీగలు మళ్లీ కలిపి, పవర్ ట్రాన్సిస్టర్లు లేకుండానే స్విచ్చి వేసి, రెండు సరఫరాలూ కొలవండి. ప్లస్ 38 ఉంటే మైనస్ కూడా 38కి దగ్గరగా ఉండాలి. బల్బు ఉన్నంతసేపు అంకెలు కాస్త తక్కువే చూపిస్తాయి, కంగారు పడవద్దు. ఒకటి 38, ఇంకోటి 20 ఉంటే ఆ వైపు రెక్టిఫయర్ డయోడో, కండెన్సరో పోయింది.

పవర్ ట్రాన్సిస్టర్ పోయినప్పుడు ఒంటరిగా పోదు. దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లను, పక్కన ఉండే తెల్లటి సిమెంటు రెసిస్టర్లను వెంట తీసుకుపోతుంది. మూడుసార్లు పోయిన చోట అవి క్షేమంగా ఉంటే ఆశ్చర్యపోతాను. మీటరును డయోడు గుర్తు మీద పెట్టి డ్రైవర్ల బేస్ అనే కాలు నుంచి మిగతా రెండు కాళ్లకు, అంటే కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ, చూడండి. ఒక దిశలో 0.5 నుంచి 0.7 మధ్య చూపించాలి, తిప్పి పెడితే ఏమీ చూపించకూడదు. కలెక్టర్, ఎమిటర్ మధ్య సున్నా వస్తే అది పోయినట్టు. బోర్డు మీద ఉండగా పక్క రెసిస్టర్లు మీటరును మోసం చేస్తాయి. అనుమానమున్న దాని రెండు కాళ్లు ఊడదీసి చూడటమే ఉత్తమం. సిమెంటు రెసిస్టర్ల విలువ 0.33 ఓం లాంటిది. మామూలు మీటరు తీగలకే అంత ఉంటుంది కాబట్టి తెగిందా లేదా అన్నంత వరకే చూడండి.

ఇప్పుడు హీట్ సింక్ మీద చూడండి. పవర్ ట్రాన్సిస్టర్ల దగ్గరలో చిన్న డయోడో, చిన్న ప్లాస్టిక్ ట్రాన్సిస్టరో అంటించి ఉంటుంది. అది వేడిని కనిపెట్టుకుని ఉండే కన్ను. హీట్ సింక్ వేడెక్కినప్పుడు నిశ్చల కరెంటును, అంటే ఏమీ వాయించనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కరెంటును, తగ్గిస్తుంది. ఆదరాబాదరాగా విప్పి బిగించేటప్పుడు మెకానిక్‌లు దాన్ని గాలిలో వేలాడదీసి వదిలేస్తారు. అప్పుడు వేడి పెరిగేకొద్దీ కరెంటు, కరెంటు పెరిగేకొద్దీ వేడి. 140 ఓల్టుల ట్రాన్సిస్టర్ వేసినా ఇది ఊడి ఉంటే నిలవదు. అలాగే ఆ కరెంటును సరిచేసే బుల్లి ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్) ఉంటే, నలభై ఏళ్ల దాన్ని నమ్మవద్దు. దాని ముల్లు పట్టు వదిలిందంటే చాలా సర్క్యూట్లలో కరెంటు ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. కొత్తది వేయండి.

బిగించేటప్పుడు ట్రాన్సిస్టర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య కరెంటు దాటకుండా వేసే అభ్రకం రేకు గురించి నా కథ ఒకటి వినాలి. ముప్పై ఏళ్ల కిందట విజయవాడ గవర్నర్‌పేటలో మేడమెట్ల కింద గది ఒకటి తీసుకుని రిపేర్లు చేసేవాణ్ని. వినాయక చవితికి రెండు రోజులుందనగా ఒక యాంప్లిఫయర్ వచ్చింది. ట్రాన్సిస్టర్లు మార్చాను, స్విచ్చి వేశాను, పోయాయి. డ్రైవర్లు మార్చాను, మళ్లీ పోయాయి. నాలుగు ట్రాన్సిస్టర్లు, నా జేబులో డబ్బు. అర్ధరాత్రి అభ్రకం రేకును ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూస్తే సూది మొనంత చుక్క వెలుగు కనబడింది. హీట్ సింక్ రంధ్రం అంచున డ్రిల్లు వదిలిన అల్యూమినియం ముల్లు ఒకటి. వేలికి కూడా సరిగా తగలదు. మరలు బిగించగానే అది రేకును పొడిచి ట్రాన్సిస్టర్ డిప్పను ఛాసిస్‌తో కలిపేస్తోంది. ఈ రకంలో డిప్పే కలెక్టర్ కదా. ఆ రేకులో తప్పేమీ లేదు, గూడూరు అభ్రకం లాంటి మేలురకమే అయి ఉంటుంది. తప్పంతా నాదే. అప్పటినుంచీ ప్రతి రంధ్రం అంచునూ పెద్ద డ్రిల్లు బిట్టు చేత్తో తిప్పి నునుపు చేసి, పాత పేస్టు మొత్తం స్పిరిట్‌తో తుడిచి, కొత్త రేకు రెండు వైపులా పేస్టు పలచగా రాసి బిగిస్తాను. దోసె మీద కారప్పొడిలా కాదు, గాజు మీద ఆవిరిలా పలచగా. బిగించాక డిప్పకూ హీట్ సింక్‌కూ మధ్య మీటరు ఏమీ చూపించకూడదు.

అంతా బిగించాక మళ్లీ సిరీస్ బోర్డు మీదే, స్పీకర్ లేకుండా స్విచ్చి వేసి, స్పీకర్ సాకెట్ దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీఓల్టుల లోపు ఉంటే హాయి. అర ఓల్టు ఉంటే ఆగి వెతకండి. 30 ఓల్టులు ఉంటే ఈస్టర్ నాటి దృశ్యమే మళ్లీ. సరిగ్గా ఉంటే సిమెంటు రెసిస్టర్ ఒకదాని రెండు కొసల మధ్య మిల్లీఓల్టులు చూడండి. 0.33 ఓం మీద 10 మిల్లీఓల్టులంటే 30 మిల్లీఆంపియర్లు, అక్కడక్కడే ఉండాలి. కంపెనీ కాగితం దొరికితే దాని మాటే చివరి మాట. బల్బు తీసేసి నేరుగా మెయిన్స్ మీద అరగంట ఉంచి మళ్లీ కొలవండి. మొదట 10 ఉన్నది అరగంటకు 40 అయితే ఆ కన్ను సరిగా అంటుకోలేదు.

రెండేళ్ల మోత సంగతి వేరు. అది ఈ చావులకు కారణం కాదు, కానీ దానికి వైద్యం సులభం. మీరు బేస్ వాయిస్తారు కాబట్టి మీటరు కూడా అక్కరలేదు, చెవి చాలు. మన కరెంటు 50 సైకిళ్లు. రెక్టిఫయర్ దాటాక అది 100 సైకిళ్ల అలగా మారుతుంది. ఆ అలను చదును చేయవలసినవి ఫిల్టర్ కండెన్సర్లు. మీ గిటార్‌లో వేలు పెట్టకుండా మీటిన జి తీగ 98 సైకిళ్లు. ఇ తీగ మూడో మెట్టు మీద జి 49 సైకిళ్లు. యాంప్లిఫయర్ మోగుతుండగా, గిటార్‌ను దానికి కలపకుండా చెవికి ఆనించుకుని జి తీగ మీటండి. మోతా తీగా దాదాపు ఒకే స్వరంలో ఉండి, సెకనుకు రెండుసార్లు వావ్ వావ్ మని ఊగితే అది 100 సైకిళ్ల మోత. ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయి. ఇ తీగ మూడో మెట్టుతో కలిసి సెకనుకు ఒక్కసారి ఊగితే అది 50. అప్పుడు ఎర్తు తీగలో, సాకెట్లలో, రెక్టిఫయర్‌లో ఒక డయోడు తెగిందేమో వెతకాలి. వాల్యూమ్ సున్నాలో కూడా ఉందంటున్నారు కాబట్టి గిటార్, కేబుల్ నిర్దోషులు. వాల్యూమ్‌తో పాటు పెరిగే జుయ్ శబ్దమైతే నేను మొదట అనుమానించేది గదిలోని ఫ్యాను రెగ్యులేటర్‌నే.

కండెన్సర్లన్నీ మార్చమన్న మీ స్నేహితుడి సలహా నాకు నచ్చదు. అలా మార్చి, మూడు చోట్ల ప్లస్ మైనస్ తారుమారు చేసి, రెండు చోట్ల బోర్డు రాగి పట్టీ లేపేసి నా దగ్గరకు తెచ్చినవాళ్లు ఎందరో. రెండు పెద్ద ఫిల్టర్ కండెన్సర్లు తప్పక మార్చండి. బెజవాడ, గుంటూరు ఎండలకు ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ ఎండే వేగం ఎక్కువ. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క. కాబట్టి 85 డిగ్రీలది కాకుండా 105 డిగ్రీలది, 63 ఓల్టులది, పాత విలువే లేదా కాస్త ఎక్కువది కొనండి. మూడింతలు పెట్టవద్దు, స్విచ్చి వేసినప్పుడల్లా రెక్టిఫయర్ గుండె అదురుతుంది. ముందు భాగంలోని చిన్న ఎలక్ట్రోలైటిక్‌లు నాలుగైదు మార్చినా సరే. ఫిల్ము కండెన్సర్లు, బిళ్ల కండెన్సర్ల జోలికి పోవద్దు, అవి మనకంటే ఎక్కువ కాలం బతుకుతాయి.

నాబ్‌ల గరగరకు కాంటాక్ట్ క్లీనర్ కాస్త కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. తుప్పు వదిలించే స్ప్రే వద్దు. వారంలో గరగర మళ్లీ వస్తే నేరం దుమ్ముది కాదు, ముందున్న కండెన్సర్ కారి నాబ్ మీదికి డీసీ వదులుతోంది. వెనుక ఉన్న జాక్ సాకెట్లలో కూడా ఒక ప్లగ్గు పదిసార్లు పెట్టి తీయండి. ఏమీ గుచ్చనప్పుడు కలుసుకుని ఉండవలసిన రేకులు లోపల ఉంటాయి, నల్లబడితే శబ్దం వచ్చీ రానట్టు వస్తుంది.

రెడీమేడ్ బోర్డు గురించి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉంటే మాత్రం మెకానిక్ మాటకు తలూపుతాను. అది బతికి ఉంటే వద్దు. ఆ కొత్త బోర్డుకు మీ సరఫరా ఓల్టేజీ సరిపోవాలి, ముందు భాగపు టోన్ సర్క్యూటుకు వేరే సరఫరా కట్టాలి. చివరికి బాబాయి యంత్రం పేరుకు పెట్టె మాత్రమే మిగులుతుంది. పైగా చిన్న బోర్డుల మీద రాసే వాట్లు ఎన్నికల వాగ్దానాల్లాంటివి.

స్పీకర్‌ను కూడా ఒకసారి చూసుకోండి. మీటరు 3 ఓంల పైచిలుకు చూపిస్తే చుట్ట తెగలేదు. 1.5 ఓల్టుల సెల్లును రెండు కొసలకు క్షణం తాకిస్తే కోను టప్పున కదలాలి. రెండు చేతుల వేళ్లతో కోనును నాలుగు వైపులా సమంగా లోపలికి నొక్కండి. గీరుకున్న చప్పుడు వస్తే చుట్ట వేడికి వంకరపోయింది. అలాంటివాటికి కోను, చుట్ట మార్చేవాళ్లు ఎక్కడున్నారో మీ మైకు సెట్టువాళ్లకే తెలుస్తుంది. పెట్టె అప్పిచ్చిన పాపానికి ఆ మాత్రం సాయం అడగవచ్చు. బాగుచేశాక మొదటి పది నిమిషాలు మంచి స్పీకర్ మీద కాకుండా ఏదైనా పాత దాని మీద వాయించండి.

చివరగా ఒక పని ఈరోజే చేయండి. ఈస్టర్ నాడు కాలిపోయిన మొదటి జత, అంటే అమెరికా నుంచి వచ్చిన అసలు ట్రాన్సిస్టర్లు, మెకానిక్ డబ్బాలో ఇంకా పడి ఉండవచ్చు. అడిగి తెచ్చుకుని, డిప్ప మీద గుడ్డతో తుడిచి, ఉన్న అంకెలన్నీ రాసి పంపండి. ఆ కాలంలో కంపెనీలు సొంత నంబర్లు అచ్చు వేయించుకునేవి. వాటితో పాటు రెండు సరఫరాల ఓల్టులు, సిమెంటు రెసిస్టర్ల విలువ, ఆ అదనపు పెట్టె వెనుక రాసి ఉన్న ఓంలు కూడా రాయండి. ఇవి చేతికి వచ్చాక ఏం కొనాలో చెబుతాను. అప్పటిదాకా కొత్త ట్రాన్సిస్టర్లు కొనవద్దు.